తుపాకీకి తగ్గ బాయ్‌నెట్

ఏమండీ, వంటయిందా? ఇలా గోడ దగ్గరికి రండి, కూర మాడదులెండి. మా పక్కింటి సారు సంగతి మీకు చెప్పాలి. ఉస్మానియాలో ఎన్‌సీసీ పిల్లలకి ఏళ్ల తరబడి డ్రిల్లు నేర్పిన మనిషి. రిటైరై తార్నాకలో స్థిరపడ్డా, తెల్లారితే కాళ్లు ఎన్‌సీసీ గేటు వైపే లాగుతాయి.

ఆయనతో సినిమా చూడాలి మీరు! తెల్లదొరల సిపాయిలు కనబడితే చాలు, టీవీ ఆపేస్తారు. "చూడమ్మా, తుపాకీ ఏ కాలానిది, బాయ్‌నెట్ ఏ కాలానిది?" అంటారు. దోసె చల్లారిపోతోందని ఆయన భార్య, మన అక్కయ్యగారు, వంటింట్లోంచి కేకలు. తుపాకీ కొసకి తగిలించేది ఏదో ఒక కత్తి, ఏదైతేనేం అంటారా? మరి మీరు చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌లో పూటంతా నిలబడతారే! ఆకుపచ్చే కదా అని ఏదో ముక్క చింపిస్తే ఊరుకుంటారా?

మన త్రీనాట్‌త్రీ రైఫిలునే తీసుకోండి. కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో చేసిన పాత రకానికి గొట్టం మూతి కింద చిన్న బుడిపె ఉంటుంది. బాయ్‌నెట్ ఉంగరం ఆ బుడిపెకి తొడుక్కుంటుంది. పిడి వెనక గాడి కమ్మీ మీదికి జారి టక్కుమంటుంది. ఆ కత్తి 17 అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధంలో వచ్చిన నంబర్ ఫోర్ రైఫిలుకేమో గొట్టం మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి 8 అంగుళాల ఉత్త మొన, పదునంచే లేదు, తిప్పి బిగించాలి. దీనిది దానికి చచ్చినా పట్టదు.

పట్టింది కదా అని సరిపోయిందనుకోకండి, తిరకాసంతా అక్కడే. ఆ 17 అంగుళాల దానికి 1913 దాకా పిడి దగ్గర కొక్కెం ఉండేది, తర్వాత మానేశారు. 12 అంగుళాలవి మరీ మాయదారివి. 1888 రకమూ పన్నెండే, 1903 రకమూ పన్నెండే, 1940ల్లో మన దేశంలో పొట్టి చేసినవీ పన్నెండే! మొదటి రెంటికీ రెండువైపులా పదును, మనవాటికి ఒకవైపే. ఇంకోటి చెప్పనా? ఆ 17 అంగుళాల కత్తి మీద కిరీటం కింద 1907 అని ఉంటుంది. అది చేసిన ఏడాది కాదు, ఆ రకం పేరు. దాని కింద చిన్నగా 10, 17 అని ఉందనుకోండి, 1917 అక్టోబరన్నమాట. ఆ చిన్నంకెలు చూసే రైఫిలుతో జత కలపాలి.

అన్నట్టు, అల్లూరి సీతారామరాజు గురించి మీకు తెలియనిదేముంది! 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడ్డప్పుడు ఏమేం పట్టుకెళ్తున్నాడో పుస్తకంలో రాసి మరీ సంతకం పెట్టాడు. అందులో తుపాకులు 11, బాయ్‌నెట్లు 14. మనమంతా ఆ ధైర్యానికి చేతులెత్తి దణ్ణం పెడతాం. సారూ పెడతారు. పెట్టి, "ఆ మిగిలిన మూడూ ఏ తుపాకులవమ్మా?" అంటారు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాలి, తప్పిపోయిన పిల్లల్ని వెతుకుతున్నట్టుంటుంది. నాకైతే ఆ బెంగ చాలా నచ్చుతుంది. జతలు ఇలాగే చెదిరిపోతాయి కదండీ, ఒకటి ఏ ఠాణాలోనో, ఒకటి ఏ అడవిలోనో.

మీ అటక మీద తాతగారి పెట్టెలో అలాంటిదేదైనా ఉందా? ఉంటే చింతపండు పెట్టి తోమకండి తల్లీ, ఆ అంకెలు కాస్తా అరిగిపోతాయి. దాచుకోనూ వద్దు. చట్టం లెక్కలో బాయ్‌నెట్ కూడా ఆయుధమే, లైసెన్సు కావాల్సి రావచ్చు. ముందు పోలీసులకి చెప్పండి. అందుకే సారింట్లో ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ గీసుకున్న బొమ్మలూ కొలతలే.

వచ్చేవారం ఆయన మళ్లీ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్తారట, ఆయుధాల గదికి. మీరూ రాకూడదూ? శుక్రవారం మాత్రం అనకండి, ఆ రోజు దానికి సెలవు.