మన మరణ సహాయ నిధి గురించి నాలుగు మాటలు



మొన్నటి సర్వసభ్య సమావేశంలో మరణ సహాయ నిధి మీద చర్చ మధ్యలోనే ఆగిపోయింది. బ్యాంకులో 11 లక్షలున్నాయి కదా, కుటుంబానికి ఇచ్చే 25 వేలను 50 వేలు చేద్దాం అన్నారు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. పాత కమిటీలో ఉన్న మేము కొందరం ఆగమన్నాం. "ఇచ్చే చేతికి అడ్డం పడుతున్నారు" అని ఒకాయన అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. ఎందుకు ఆగమన్నామో అక్కడ చెప్పడానికి సమయం చాలలేదు. ఇక్కడ చెబుతున్నాం.

ఈ నిధి మన తాతల నాటిది. ఊరు విడిచి ముంబై మిల్లుల్లో చేరిన రోజుల్లో, ఒక ఖోలీలో పది పన్నెండు మంది షిఫ్టుల వారీగా పడుకునేవాళ్లు. ఎవరైనా పోతే కట్టెలకు, ఊరికి టెలిగ్రాముకు, భార్యాపిల్లల రైలు టికెట్లకు తలా ఒక రూపాయి వేసుకునేవాళ్లు. అదే తర్వాత రిజిస్టరైంది, రసీదు పుస్తకమైంది. బీమా అనే పేరు పెట్టలేదు గానీ మనవాళ్లు చేసింది బీమానే. పాలసీదారులే యజమానులుగా ఉండే ఇలాంటి సంస్థను పరస్పర బీమా సంస్థ అంటారు. మన ఈ ఊళ్లోనే 1870లో బాంబే మ్యూచువల్ అనే జీవిత బీమా సంస్థ ఆ పద్ధతిలోనే పుట్టింది.

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము కమిటీలో ఉన్నప్పుడు నిధిలోంచి రెండు లక్షలు మనలోనే ఒకరికి చేబదులుగా ఇచ్చాం. మంచి మనిషి, వ్యాపారం ఇబ్బందిలో ఉంది, మూడు నెలల్లో ఇస్తానన్నాడు. మినిట్స్‌లో రాయలేదు. డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు పట్టింది, అదీ ముక్కలు ముక్కలుగా. ఆ మధ్యలో వర్షాకాలంలో ఒకే నెల నలుగురు పోయారు. నాలుగో ఇంటికి ఇవ్వడానికి ఖాతాలో డబ్బు లేదు. ఆ అక్క ఐదు నెలలు తిరిగింది. "తమ్మీ, మా ఆయన చందా ఒక్క నెలన్నా తప్పిండా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఎవరమూ తినలేదు, నిజమే. కానీ మమ్మల్ని అడిగేవాళ్లూ లేరు.

మా ఇంటి పిల్లవాడొకడు బీమా గణితం చదువుతున్నాడు. ఈ కథ చెబితే వాడు నవ్వలేదు. దీని మీద ఎన్నో ఏళ్లుగా పరిశోధన జరుగుతోందన్నాడు. డేవిడ్ మేయర్స్, క్లిఫర్డ్ స్మిత్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు 1980ల నుంచి రాసిన వ్యాసాల సారం ఇది: వాటాదారుల కంపెనీలో పాలసీదారుడికి నష్టం చేసి వాటాదారుడు లాభపడే ప్రమాదం ఉంటుంది. పరస్పర సంస్థలో ఆ గొడవ లేదు, ఇద్దరూ ఒకరే. కానీ నడిపేవాళ్లను అదుపులో పెట్టే పట్టు అక్కడ తక్కువ. వాటా అమ్ముకొని పోయేవాడు లేడు, కొని పెత్తనం మార్చేవాడు లేడు. అందుకని నడిపేవాళ్లు సొంత నిర్ణయాలు ఎక్కువ తీసుకోనక్కర్లేని చోటే ఈ పద్ధతి బాగా నిలుస్తుంది. అందరి సొమ్ముకు కాపలా ఎవరు? మాకు తెలిసొచ్చింది కూడా అదే.

పెద్ద సంస్థల్లోనూ ఇదే. ఎల్ఐసీ పుట్టిన మరుసటి ఏడాదే, 1957లో, ముంద్రా కంపెనీల వాటాలు సుమారు కోటీ పాతిక లక్షలు పెట్టి కొన్నారు. పెట్టుబడుల కమిటీ ఉంది, దాన్ని అడగలేదు. ఛాగ్లా గారు బహిరంగ విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

50 వేల సంగతికి వస్తే, దానికి ఇంకో కథ ఉంది. లండన్‌లో ఈక్విటబుల్ లైఫ్ అనే పరస్పర సంస్థ 1762లో మొదలైంది. వయసును బట్టి చందా లెక్కగట్టే పద్ధతిని ఆచరణలో పెట్టింది అదే. జేమ్స్ డాడ్సన్ అనే లెక్కల మాస్టారు, వయసు మీరిందని ఇంకో సంఘం చేర్చుకోకపోతే, ఆ లెక్క తయారుచేశాడు. అంత పేరున్న సంస్థ 2000 డిసెంబరులో కొత్త పాలసీలు ఆపేసింది. ఎందుకు? పదవీ విరమణ తర్వాత ఇంత రేటున ఇస్తామని పాత పాలసీల్లో హామీ రాసిచ్చింది. వడ్డీలు ఎక్కువున్న రోజుల్లో ఆ హామీ బరువు తెలియలేదు. 1990ల్లో వడ్డీలు పడ్డాయి, బరువు మీద పడింది. ఆదుకోవడానికి వెనక నిల్వ లేదు. సభ్యుల సొమ్ము సభ్యులకే అంటూ బోనసులుగా పంచుతూ వచ్చారు మరి. 2001లో పాలసీల విలువ 16 శాతం కోశారు. జరిగిన దొంగతనం లేదు. దాతృత్వమే ముంచింది.

ఇప్పుడు మన లెక్క చూడండి. సభ్యులు 412 మంది, ఏడాదికి తలా 600, అంటే 2,47,200. 11 లక్షల మీద వడ్డీ సుమారు 77 వేలు. మొత్తం రాబడి 3 లక్షల 24 వేలు. మూడేళ్లలో మరణాలు 7, 9, 12. పన్నెండు ఇళ్లకు 25 వేల చొప్పున 3 లక్షలు. అంటే ఇప్పుడే అంచు మీద ఉన్నాం. 50 వేలు చేస్తే 6 లక్షలు కావాలి. వడ్డీతో కలిపి చూసినా నాలుగో ఏడాదిలో ఖాతా ఖాళీ. మన సభ్యుల్లో సగానికి పైగా అరవై దాటినవాళ్లే. మరణాలు పెరుగుతాయి గానీ తగ్గవు. పిల్లలు కల్యాణ్, డోంబివలి, నవీ ముంబై వెళ్లి ఫోన్‌లోనే టర్మ్ పాలసీ తీసుకుంటున్నారు. ఇక్కడ చేరడం లేదు. పాతికేళ్లవాడికీ డెబ్బై ఏళ్లవాడికీ ఒకే చందా అయితే వాడెందుకు చేరతాడు?

పెంచొద్దని మేము అనడం లేదు. ముందు మూడు పనులు చేద్దామంటున్నాం. ఒకటి, సభ్యుల వయసుల పట్టిక తీసి, బీమా లెక్క తెలిసినవాళ్లతో ఎంత ఇవ్వగలమో కట్టించుకుందాం. నలభై లోపు వాళ్లకు చందా తగ్గిద్దాం. రెండు, నిధి సొమ్ము బ్యాంకు, పోస్టాఫీసు దాటి ఎక్కడికీ పోకూడదని నియమావళిలో రాద్దాం. మంచి మనిషైనా సరే, చేబదులు లేదు. మూడు, కమిటీలో లేని ఇద్దరు సభ్యులు ప్రతి నెలా పాస్‌బుక్ చూసి సంతకం పెట్టాలి, ఆ పేజీ బోర్డు మీద అంటించాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లయితే మంచిది. నిధి దగ్గరికి చివరికి వచ్చేది వాళ్లే.

ఆ అక్క ఇప్పటికీ ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చి తన చందా కడుతుంది. రసీదు తీసుకుని రెండుసార్లు చదువుకుంటుంది. అలా చదవడం ఆమెకు నేర్పింది మేమే.

వచ్చే సమావేశానికి అందరూ రండి. చప్పట్ల కన్నా ముందు లెక్క చూద్దాం.