పచ్చ లాప్‌టాప్‌లో మా గోర్ బోలి

మా తండా బడి పిల్లలకు తెలుగు రెండో భాష. బయటివాళ్ళకు ఈ మాట చెబితే నమ్మరు. తెలంగాణలో పుట్టి తెలుగు రాకపోవడమేంది అంటారు. దేవరకొండ నుంచి చందంపేట వైపు, డిండి దాటి అచ్చంపేట వైపు ఒక్కసారి తిరిగి, గుట్టల పొంటి ఉన్న తండాల్లో కూర్చుంటే ఆ అనుమానం పోతుంది. ఇంట్లో యాడి, బాటి, పాణి. బళ్ళో అమ్మ, రొట్టె, నీళ్ళు. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు నెలల తరబడి నోరు తెరవడు. తెలివి లేక కాదు, ఏ నోరు తెరవాలో తెలియక.

మేమిద్దరం టీచర్లం. ఒకరిది నల్లగొండ జిల్లా తండా, ఒకరిది పాలమూరు జిల్లా తండా. ఇద్దరం డి.ఎడ్. చదివినవాళ్ళమే, ఇద్దరం చిన్నప్పుడు అట్లా నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళమే. 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామిలతో పాటు మా బంజారా భాష కూడా అందులో ఉంది. తెలుగు లిపిలో వాచకాలు అచ్చయ్యాయి. మంచి పని. కానీ గోర్ బోలి కాగితం మీద పెరిగిన భాష కాదు. ఢావ్లో పాడే గొంతులో, హోళీనాటి లెంగిలో, తీజ్ బుట్టల చుట్టూ ఆడపిల్లలు పాడే పాటలో ఉంది. అక్షరం చూపిస్తే పిల్లలకు అది సగమే అందుతుంది. వినిపించాలి.

వినిపించే పెట్టె 2008 చివర్లో మా చేతికి వచ్చింది. దాన్ని ఎక్స్‌ఓ అంటారు. 'పిల్లవాడికొక లాప్‌టాప్' అనే పథకం కింద అమెరికాలో నికొలస్ నెగ్రోపాంటే బృందం తయారుచేయించింది. వంద డాలర్లకే ఇస్తామని మొదలుపెట్టారు, ధర ఆ తర్వాత దాదాపు రెట్టింపయింది. మన కేంద్ర విద్యాశాఖ 2006లోనే వద్దన్నది. ముందు గదులు, టీచర్లు కావాలి, ఈ సోకు పరికరాలు తర్వాత అని దాని వాదన. ఒంటి టీచరు బడుల్లో పనిచేసినవాళ్ళంగా ఆ మాటను మేము పూర్తిగా కొట్టిపారెయ్యం. అయినా 2007లో మహారాష్ట్రలోని ఖైరాట్ అనే చిన్న పల్లె బడిలో ఆ లాప్‌టాప్‌లు పెట్టి చూశారు. అదే ఏడాది చివర అమెరికాలో ఒకటి కొన్నవాళ్ళ పేరు మీద ఇంకొకటి పేద దేశపు పిల్లలకు పంపే ఏర్పాటు చేశారు. అట్లా కొన్న ఒకదాన్ని ఒక శ్రేయోభిలాషి సెలవుల్లో వచ్చినప్పుడు మా బడికి ఇచ్చి పోయారు. తండా మొత్తానికి ఒక్కటి.

చూడటానికి టిఫిన్ డబ్బా లెక్క ఉంటుంది. ఆకుపచ్చ, తెలుపు రంగులు. పైన వైఫై కోసం రెండు చెవులు. మూత మూస్తే దుమ్ము పోదు. ఎండలో చెట్టు కింద పెట్టినా తెర మీద అక్షరం కనిపిస్తుంది, ఇది మాత్రం ఇప్పటి ఖరీదైన ఫోన్లకు కూడా సరిగ్గా చేతకాని పని. లోపల 433 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, 1 జీబీ స్టోరేజీ. విండోస్ లేదు. ఫెడోరా లినక్స్, దాని మీద పిల్లల కోసం 'షుగర్' అనే తెర. మైకు ఉంది, కెమెరా ఉంది, స్పీకర్లున్నాయి.

మరి పాట పెడితే పలకలేదు.

తండాలో సగం మంది తల్లిదండ్రులు పుణె, ముంబై పోయి కట్టడం పనిలో ఉంటారు. పాలమూరు లేబర్ సంగతి కొత్తగా చెప్పేదేముంది. పిల్లలు ముసలివాళ్ళ దగ్గర ఉంటారు. ఆ రోజుల్లో ఫోన్లో మాట్లాడాలంటే పైసల లెక్క, అందుకని తల్లులు ఫోన్లోనే మాట రికార్డు చేసి, ఊరికొచ్చే మనిషి చేతికి మెమరీ కార్డు ఇచ్చి పంపేవాళ్ళు. ఎక్స్‌ఓ తెర కింద ఆ కార్డు పట్టే చోటుంది. అడాప్టరులో కార్డు పెడితే ఫైళ్ళ పేర్లు కనిపించాయి. నొక్కితే ఏమీ లేదు. రెండో తరగతి పిల్ల అడిగింది: "సార్, మా యాడి ఇందులనే ఉన్నది గదా, ఎందుకు మాట్లాడ్తలేదు?"

ఎందుకంటే ఫోన్ రికార్డింగు ఎఎంఆర్ అనే రూపంలో ఉంది, సినిమా పాటలు ఎంపీ3లో ఉన్నాయి. ఎక్స్‌ఓకు తెలిసింది ఓగ్ ఒక్కటే. అందులో అసలు లోపం ఏమీ లేదు. ఎంపీ3 మీద అప్పుడు అమెరికాలో పేటెంట్లున్నాయి, లైసెన్సు కట్టకుండా పెట్టెలో పెట్టి పంచడానికి వీల్లేదు. ఫ్లాష్ కూడా అంతే. అది మూసిన సాఫ్ట్‌వేరు కాబట్టి దాని బదులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరువాళ్ళు రాసిన నాష్ అనేదాన్ని పెట్టి పంపారు. నాష్ చిన్న బొమ్మలు ఆడిస్తుంది, పెద్ద పాఠం పెడితే చేతులెత్తేస్తుంది. కావలసినవాళ్ళు ఎవరికి వాళ్ళు విడిగా వేసుకోవచ్చు. అట్లా బ్రౌజరుకు విడిగా తగిలించేదాన్నే ప్లగిన్ అంటారు. ట్రాక్టరును తలుచుకోండి. ఇంజను ఒకటే. నాగలి తగిలిస్తే దున్నుతుంది, ట్రాలీ తగిలిస్తే మోస్తుంది. మా ట్రాక్టరు ఉత్త ఇంజనుతో వచ్చింది.

తగిలించే పనికి మాకు దాదాపు నెల పట్టింది. తండాలో ఇంటర్నెట్ లేదు. దేవరకొండ నెట్ సెంటరులో కూర్చుని ఆర్‌పీఎం ఫైళ్ళు పెన్‌డ్రైవులో ఎక్కించుకోవాలి. ఫెడోరావాళ్ళు తాము పంచలేని వాటి కోసం అప్పట్లో లివ్నా అనే వేరే నిలవ ఉండేది, తర్వాత అది ఆర్‌పీఎం ఫ్యూజన్‌లో కలిసింది. అక్కడ ఎంప్లేయర్ దొరికింది, దాన్ని బ్రౌజరుకు కలిపే ప్లగిన్ దొరికింది. బడికొచ్చి, టెర్మినల్ తెరిచి, అధికారి హోదాకు మారి, ఆర్‌పీఎం ఆదేశం కొడితే ఫలానా ఇంకొక ఫైలు లేనిదే నేను ఎక్కనన్నది. పెండ్లికి పిలిస్తే మా వదిన రానిదే నేను రానన్నట్టు. ఆ వదిన కోసం మళ్ళీ బస్సు. వదిన వస్తే ఆమె చెల్లెలు కావాలి. చివరికి మేము ముందే కాగితం మీద వంశవృక్షం రాసుకుని, అందరినీ ఒకే ట్రిప్పులో తెచ్చుకున్నాం. నెట్ లేని బడుల టీచర్లకు ఈ ఒక్కటి చెప్పగలం: ఎర్రర్‌లో వచ్చిన పేరును అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి, మన ఫెడోరా ఎన్నో నంబరుదో కూడా రాసుకోండి. నంబరు కలవకపోతే తెచ్చింది పనికిరాదు. 1 జీబీలో చోటు తక్కువ కాబట్టి వేసిన తర్వాత ఆ ఆర్‌పీఎం ఫైళ్ళు తీసెయ్యాలి.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి మాట్లాడింది. పెద్ద మాటలేం కాదు. బాటి తిన్నవా, నూనె పెట్టుకున్నవా, తమ్మున్ని కొట్టకు. వెనక కాంక్రీటు మిల్లరు చప్పుడు. పిల్లలందరూ గుంపుగా తెర మీద పడ్డారు. ఆ వారమంతా బడి అయిపోయినాక అవ్వలు, తాతలు తమ కార్డులు పట్టుకుని వచ్చారు.

అప్పుడే మాకు వేరే ఆలోచన తట్టింది. బొమ్మలున్న చిన్న వెబ్ పేజీ ఒకటి చేశాం. మేక బొమ్మ నొక్కితే తండా ముసలమ్మ గొంతు గోర్ బోలిలో పలుకుతుంది, తర్వాత నాలుగో తరగతి పిల్ల తెలుగులో చెబుతుంది. ఇప్పుడైతే బ్రౌజరు తనంతట తానే ధ్వని పలికిస్తుంది, అప్పుడు ప్లగిన్ లేకుండా ఆ పేజీ మూగదే. బొమ్మలు పిల్లలే గీశారు, సొంత కెమెరాతో తీశారు. ఒకటో తరగతిలో అంతవరకు పలకని ఒక పిల్లవాడు ఆ గొంతు విని, "అట్ల కాదు, మా అవ్వ వేరే తీరుగ అంటది" అని గోర్ బోలిలో గట్టిగా అన్నాడు. మేము వెంటనే వాళ్ళ అవ్వను పిలిపించాం.

ఫ్లాష్ సంగతి కూడా చెప్పాలి. ఎవరో ఇచ్చిపోయిన పాఠాల సీడీలు అందులోనే ఉన్నాయి. నాష్ తీసేసి ఫ్లాష్ ప్లగిన్ వేస్తే అవి ఆగి ఆగి ఆడాయి. పట్నం పిల్లలు, స్కూలు బస్సు, జూ పార్కు. గొంతు కూడా వార్తలు చదివే గొంతు. మా పిల్లలు రెండు రోజులు చూసి మేక బొమ్మ దగ్గరికి తిరిగొచ్చారు. అంత కష్టానికి అది తగిన ఫలితం కాదని మా అభిప్రాయం.

మేము చేసినవన్నీ ఓగ్‌లోనే దాచాం. ఎక్స్‌ఓ మైకుతో రికార్డు చేస్తే అదే రూపంలో వస్తుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత ఏమయిందో మీకు తెలుసు. 2015లో క్రోమ్ పాత తరహా ప్లగిన్లను మానేసింది, 2017లో ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్ తప్ప మిగతావి మానేసింది. అదే ఏడాది ఎంపీ3 లైసెన్సుల వసూలు ముగిసింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు కూడా కాలం తీరింది. ఆ సీడీలు ఇప్పుడు జొన్న చేలో పిట్టలను బెదిరిస్తూ వేలాడుతున్నాయి. మా ఎక్స్‌ఓ బ్యాటరీ అంతకు ముందే పోయింది. ఓగ్ ఫైళ్ళు మాత్రం ఏ ఆండ్రాయిడ్ ఫోన్లోనైనా పలుకుతున్నాయి. వాట్సాప్‌లో మనం పంపుకునే వాయిస్ మెసేజి కూడా ఓగ్ సంచిలోనే పోతుంది.

కరోనా ఏడాది సెప్టెంబరులో దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. పెద్ద పిల్లలకు పనికొచ్చాయి. ఒకటో తరగతి వాళ్ళకు టీవీ కూడా బడి లెక్కనే తెలుగే మాట్లాడింది. అప్పుడు పాత మేక పేజీలోని గొంతులను ఒక్కొక్కటిగా తల్లిదండ్రుల ఫోన్లకు పంపాం. అందులో మొదటి గొంతు ఇచ్చిన ముసలమ్మ అప్పటికి లేదు. ఆమె మనుమరాలు ఫోన్ చేసి మళ్ళీ పంపమని అడిగింది, పాత ఫోన్లో పోయిందట.

మేము రికార్డు చెయ్యనివి ఇంకా ఉన్నాయి. ఢావ్లో మొత్తం వచ్చినవాళ్ళు మా రెండు తండాల్లో కలిపి ఇద్దరే మిగిలారు, ఒకరు పుణెలో ఉన్నారు. తీజ్‌కు వస్తానన్నది. మైకుకు గాలి తగలకుండా చుట్టడానికి గుడ్డ, ఖాళీ కార్డు రెండూ సిద్ధంగా పెట్టుకున్నాం.