ఉప్పుగూడలో మూడో ఓనర్

కాచిగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఆ తర్వాత ఉప్పుగూడ. రైల్వే వాళ్లు ఇంగ్లిష్‌లో ‘హుప్పుగూడ’ అని రాస్తారు, యాప్‌లో వెతికేటప్పుడు కంగారు పడొద్దు. ఇంకో స్టేషన్ పోతే ఫలక్‌నుమా. ప్యాలెస్ చూడ్డానికి వెళ్లేవాళ్లు ఉప్పుగూడలో దిగరు. నేను దిగాను, ఒక పాత కీబోర్డు కోసం.

మా తమ్ముడు ఇంటర్. ఏడాదిగా ఫోన్‌లోని పియానో యాప్ మీదే పాటలు పట్టేస్తున్నాడు. నా దగ్గరున్నది పదివేలు. అంతకు ముందు ఓసారి ఫుట్‌పాత్ మీద మెరిసిపోతున్న చిన్న మిక్సర్ చూసి, కరెంటు పెట్టి చూడకుండానే 3,500 ఇచ్చేశాను. ఇంటికొచ్చాక లైట్లు వెలిగాయి, సౌండ్ రాలేదు. అందుకే ఈసారి జేబులో డబ్బుతో పాటు బ్యాగులో హెడ్‌ఫోన్స్, కేబుల్ కూడా పెట్టుకున్నాను.

స్టేషన్ నుంచి గల్లీల్లో నడుస్తుంటే ఒకవైపు ఉర్దూ బోర్డులు, ఇంకోవైపు తెలుగు బోర్డులు. బోనాలప్పుడు మహంకాళి గుడి వల్ల ఉప్పుగూడ పేరు పేపర్లలో కనిపిస్తుంది. మామూలు రోజుల్లో చాయ్ గ్లాసుల చప్పుడు, స్కూటర్ల హారన్లు, అంతే.

కీబోర్డు అమ్మే అన్న ఫంక్షన్లలో వాయిస్తాడు. నేను కూర్చోకముందే ప్లగ్ పెట్టి, “ముందుగాల అన్ని కీలు ఒక్కొక్కటి కొట్టు తమ్మీ. మెల్లగ ఓసారి, గట్టిగ ఓసారి” అన్నాడు. మొత్తం 61 కీలు. చివరి వైపు ఒక కీ మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తోంది. నేను తలెత్తేలోపే ఆయనే, “గదే దాని రోగం” అని నవ్వాడు.

కీ కింద రబ్బరు బుడిపె, దాని లోపల రెండు కార్బన్ చుక్కలు ఉంటాయి. ఆ రెండూ తగలడానికి మధ్య పట్టే సమయాన్ని బట్టే మనం మెల్లగా నొక్కామా, గట్టిగా నొక్కామా అన్నది కీబోర్డుకి తెలుస్తుంది. దుమ్ము పడితే లెక్క తప్పుతుంది. విప్పి తుడిస్తే చాలావరకు బాగవుతుంది. అదే మదర్‌బోర్డు పోతే మాత్రం చవగ్గా వచ్చిందన్న సంతోషం ఒక్కరోజే.

“కొత్తది కొనకపోయారా అన్నా?” అని అడిగాను. “నేను గూడ సెకండ్ హ్యాండ్ల్నే కొన్న. నువ్వు మూడో ఓనర్. పెద్దది తీస్కుంటున్న, గందుకే అమ్ముతున్న.”

గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్న నగరానికి పాత సామాను కొత్తేం కాదు. హార్మోనియం వాళ్లదీ ఎప్పట్నుంచో ఇదే పద్ధతి. తిత్తి చిరిగితే అతికిస్తారు, రీడు శ్రుతి తప్పితే గీకి సరిచేస్తారు. పెట్టె మాత్రం చేతులు మారుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మూడు మాటలకు తేడా తెలుసుకోవాలి. బీ-స్టాక్ అంటే షోరూంలో పెట్టినదో, డబ్బా తెరిచి వెనక్కి ఇచ్చినదో, గీత పడినదో. రీఫర్బిష్డ్ అంటే బాగుచేసి, పరీక్షించి మళ్లీ అమ్మేది. ఈ రెండింటికీ చాలాసార్లు వారంటీ ఉంటుంది, ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ అంటే ఉన్నది ఉన్నట్టే, దానికి మీ చెవులే వారంటీ. పేరు చూసి కూడా మోసపోవద్దు. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 మైక్‌కి మార్కెట్లో నకిలీలు బోలెడు. బయటి నుంచి చూస్తే అచ్చు అలాగే ఉంటాయి, పాడితేనే తేడా తెలుస్తుంది.

గీతలు, మాసిన రంగు, చిరిగిన కవర్‌తో పాటకి ఇబ్బంది లేదు. వాటికి ధర తగ్గించి అడగండి. వదులైన జాక్, గరగరమనే వాల్యూమ్ నాబ్ ఉంటే రిపేరు ఖర్చు లెక్కేసుకోండి. ఆన్ చేసి అరగంట ఉంచండి, వేడెక్కాక ఆగిపోతే దండం పెట్టి వచ్చేయండి.

నేను అరగంట పైనే కూర్చున్నాను. ఆయన విసుక్కోలేదు, చాయ్ తెప్పించాడు. తొమ్మిది వేలు చెప్పి, ఆ ఒక్క కీ కోసం 7,500కి దిగాడు. డబ్బు లెక్కపెట్టుకుంటూ, “ఇంట్ల ఎవరు వాయిస్తరు?” అన్నాడు. చెప్పాను. అడాప్టర్‌తో పాటు స్టాండు కూడా ఊరికే ఇచ్చేశాడు.

తిరుగు రైలు కోసం చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఈ లైన్‌లో రైళ్లు తక్కువ, టైమ్ చూసుకుని వెళ్లండి. ఆదివారం తమ్ముడూ నేనూ స్క్రూలు విప్పి, ఆ రబ్బరు కింద ఇయర్‌బడ్‌తో తుడిచాం. ఇప్పుడు ఆ కీ మెల్లగా నొక్కితే మెల్లగానే పలుకుతోంది. మూలన ఉన్న గీత మాత్రం అలాగే ఉంది. రేపు వాడు నాలుగో ఓనర్‌కి అమ్మేటప్పుడు, దాన్ని ముందు వాడే చూపించాలి.