బాయి మూసినాక

ఇల్లందు చుట్టుపక్కల ఊళ్లలో మా చిన్నప్పుడు గడియారం ఉన్న ఇల్లు తక్కువ. బొగ్గు బాయి సైరనే పొద్దు చెప్పేది. మొదటి షిఫ్టు కూతకు టిఫిను గిన్నెలు కట్టేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగొచ్చేసరికి కాగులో నీళ్లు కాగుతుండేవి. తట్టా చెమ్మాస్ (పార) పట్టి బొగ్గెత్తే కోల్ ఫిల్లర్లకు ఎంత రుద్దినా మెడ వెనక నలుపు పోయేది కాదు. పెద్దవాళ్లు ఇల్లందును ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ పట్టింది ఈ చుట్టుపక్కలే. 1889లో తవ్వకం మొదలైంది.

భూగర్భ బాయిలో బొగ్గు తీసిన చోట్ల, పైనేల కుంగకుండా ఇసుక నింపేవాళ్లు. నీళ్లతో కలిపి గొట్టాల్లో పంపితే ఇసుక లోపల ఆగేది, నీళ్లు పంపులతో పైకొచ్చేవి. కింద మనుషులు బొగ్గు కొడుతుంటే పైన జొన్న కంకి వేసేది. ఆ రోజుల్లో మాకది వింతగా కూడా తోచలేదు.

పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టుతో అదంతా తిరగబడింది. బొగ్గు మీదున్న మట్టీ రాయీ ఎత్తి పోస్తే ఓబీ గుట్టలు లేచాయి. గని కిందికి పోయే ఊరిని ఇంకోచోట కడతారు, బొడ్రాయిని పూజ చేసి మళ్లీ నిలబెడతారు. వాగునూ మళ్లిస్తారు, కాకపోతే కాలువలా తిన్నగా. మడుగులు, వాటిలో జెల్లలు, ఒడ్డున ఈదులు మాత్రం వెంట రావు.

గుట్టల మీద మొక్కలు నాటుతారు, నిజమే. కానీ అసలు ప్రాణం పైమట్టిలో ఉంది. దాన్ని ముందే విడిగా తీసి దాచి, చివర్లో పైన పరవాలి. అడుగున పడిందా, పైకి రాయి తేలుతుంది, సర్కారు తుమ్మ లాంటివి తప్ప సొంతంగా పెద్దగా ఏదీ మొలవదు. 2009లో కేంద్ర బొగ్గు శాఖ గని మూసివేత ప్రణాళిక తప్పనిసరి చేసింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి లక్ష చొప్పున లెక్కగట్టి ముందే ఎస్క్రో ఖాతాలో వేస్తూ పోవాలంది. మంచి నిబంధనే. అయితే ఇలాంటి కాగితాల్లో మొక్కల లెక్క దొరుకుతుంది గానీ, కోయగూడేల వాళ్లు ఎండాకాలం తెల్లారకముందే ఏరుకునే ఇప్పపూల లెక్క దొరకదు.

మీ ఊళ్లో కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఉద్యోగాల సంగతి తప్పక అడగండి. పైమట్టి ఎక్కడ దాస్తారో, వాగు ఏ దారిన పోతుందో, చివరికి మిగిలే గుంతలోకి గేదె దిగి నీళ్లు తాగేంత వాలుగా గట్టు ఉంటుందో లేదో, అదీ కాగితం మీద చూపించమనండి.