మొలతాడు సాగదు

ఎడపల్లి ఇంట్లో మంచాన పడ్డ అమ్మకు మొదటిసారి డైపరు తొడిగిన రాత్రి, నడుము దగ్గరి ఎలాస్టిక్ పట్టీని చాలాసేపు లాగి చూశాను. మా ఇళ్ళల్లో పసిబిడ్డకు మొలతాడు కట్టి, దానికే గోచీ బిగించేవారు. కానీ అది సాగదు.

సాగే నడుము పట్టీకి ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ 1985లో అమెరికాలో పేటెంటు పొందింది. తొడల దగ్గర తడిని ఆపే ఎలాస్టిక్ మడతకు 1987లో మరొకటి. ఈ మడత మీదనే దావా నడిచింది. దుకాణాల సొంత పేర్లతో అమ్మే చౌక డైపర్లు తయారుచేసే పారగాన్ ట్రేడ్ బ్రాండ్స్ ఆ హక్కును ఉల్లంఘించిందని 1997 డిసెంబరు చివర డెలవేర్ ఫెడరల్ కోర్టు తేల్చింది. పరిహారం దాదాపు 17.8 కోట్ల డాలర్లు. జనవరి మొదటి వారంలోనే పారగాన్ దివాలా పిటిషను వేసింది.

పసుపు పండే జిల్లావాణ్ణి, పేటెంటు అనగానే నాకు కోపమే ముందొస్తుంది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికా ఇచ్చిన పేటెంటును అదే 1997లో మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపి రద్దు చేయించింది. ఇక్కడ చూపడానికి నా దగ్గర మొలతాడు తప్ప ఏముంది?

ఆ డైపరు పేటెంట్ల గడువు ఎన్నడో తీరిపోయింది.

తెల్లవారి పక్కబట్ట తడిమి చూశాను. పొడిగా ఉంది. అమ్మ ఇంకా నిద్రలోనే ఉంది.