వూండా, వౌండా?

ఆంగ్లభాషను పుస్తకాలలో చదివి నేర్చుకున్నవారికి అది పెట్టే చిక్కులలో ప్రధానమైనది ఉచ్చారణ. తెలుగులో ఇంచుమించుగా రాసినట్లే పలుకుతాము, పలికినట్లే రాస్తాము. ఆంగ్లంలో ఆ హామీ లేదు. అవే అక్షరాలు, అదే వరుస. అయినా అర్థం మారితే పలుకు మారిపోతుంది. అటువంటి పదాలలో ఒకదానితో మాకు ముప్ఫై ఏళ్ళకు పైబడిన పరిచయం ఉంది. ఆ పదం మాకు ఆంగ్లంతోపాటు మరొక పాఠం కూడా నేర్పింది కనుక, ఆ సంగతి మన పత్రిక పాఠకులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

డబ్ల్యు, ఓ, యు, ఎన్, డి. ఈ ఐదక్షరాల పదాన్ని 'వూండ్' అని పలికితే గాయం అని అర్థం. 'వౌండ్' అని పలికితే 'చుట్టాడు' అనిగాని, 'చుట్టబడిన' అనిగాని అర్థం. మొదటిది నామవాచకం. 'గాయపరచు' అనే క్రియగా కూడా దానిని వాడతారు. అప్పుడు భూతకాల రూపం 'వూండెడ్'. రెండవది 'వైండ్' అనే క్రియకు భూతకాల రూపం. ఆ 'వైండ్' కూడా ఈ కోవలోనిదే. అవే అక్షరాలను 'విండ్' అని పలికితే గాలి అవుతుంది!

వాడుకలో మరొక భేదం గమనించదగ్గది. యుద్ధంలోనో, దాడిలోనో దెబ్బతిన్నవారిని 'వూండెడ్' అంటారు. ప్రమాదంలో దెబ్బతిన్నవారిని 'ఇంజూర్డ్' అనడం పరిపాటి. అయితే చర్మం తెగి ఏర్పడిన గాయాన్ని మాత్రం, అది ఏ విధంగా తగిలినా, 'వూండ్' అనే అంటారు. అందువల్లనే కర్మాగారాలలోని ప్రథమ చికిత్స రిజిస్టరులో ఈ పదం తరచు కనబడుతుంది.

ఇక రెండవ అర్థం తెలుగునాట పల్లెటూళ్ళకు కూడా పరిచితమే. పొలంలో పంపుసెట్టు మోటారు కాలిపోతే రైతు దానిని తీసుకుపోయేది వైండింగ్ షాపుకే కదా! 1991లో మేము పదకొండుమందిమి డిప్లొమా పూర్తిచేసి ట్రైనీలుగా చేరిన విభాగం కూడా అటువంటిదే. కర్మాగారంలో కాలిపోయిన మోటార్లన్నీ అక్కడికి వచ్చేవి. పాత తీగ తొలగించి, స్లాట్లలో కొత్త ఇన్సులేషన్ కాగితం పరచి, ఎనామిల్ పూత ఉన్న రాగితీగతో కాయిళ్ళు చుట్టి అమర్చి, వార్నిష్ పట్టించి, ఓవెన్‌లో ఆరబెట్టి, మెగ్గర్‌తో పరీక్షించి తిరిగి పంపేవారు. పంపే ముందు ప్రతి మోటారుకూ ఒక చీటీ కట్టేవారు. దానిమీద తేదీతోపాటు 'రీవౌండ్' అని రాసి ఉండేది.

ఆ చీటీలు రాసేది మా విభాగపు పెద్ద వైండరు. అందరూ ఆయనను మేస్త్రీగారు అనేవారు. చదివినది ఏడవ తరగతి. ఆంగ్లం నేర్చుకున్నది మోటార్ల నేమ్‌ప్లేట్ల మీద. కాయిలు చుడుతూ చుట్లు పైకి లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరు పలకరించినా లెక్క తప్పేది కాదు. మాకు తీగ పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ప్రతి నెలా మొదటి వారంలో విభాగంలో భద్రతా సమావేశం జరిగేది. గత నెలలో జరిగిన ప్రమాదాల వివరాలను రిజిస్టరునుంచి ఒక ఉద్యోగి చదివి వినిపించడం ఆనవాయితీ. రిజిస్టరు ఆంగ్లంలోనే ఉండేది. ఒక నెల ఆ వంతు మేస్త్రీగారికి వచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, 'వౌండ్ ఆన్ రైట్ థంబ్' అని చదివారు. రోజూ చీటీలమీద రాసే మాటే కదా, ఆయన మరొక విధంగా ఎందుకు పలుకుతారు?

మేము నవ్వాము. మాలో ఒకరు, "బొటనవేలికి ఎన్ని చుట్లు చుట్టారు మేస్త్రీగారూ?" అని అడిగారు. అధికారులు కూడా నవ్వారు. మేస్త్రీగారూ నవ్వారు. నవ్వి, రిజిస్టరు బల్లమీద పెట్టి, తన స్థానంలో కూర్చున్నారు. తరువాతి నెలనుంచి ఆయన ఆ సమావేశానికి వచ్చేవారు, సంతకం చేసేవారు, మాట్లాడేవారు కాదు. ఆ మార్పును మేము గమనించలేదు.

అయిదారు నెలల తరువాత ఒక మధ్యాహ్నం పెద్ద రోటరు ఒకటి చైన్ పుల్లీతో కిందికి దించుతుండగా గొలుసు జారింది. జారినది జానెడే. కాని దిమ్మెలు సర్దుతున్న మా మిత్రుని చేయి కింద ఉంది. రెండు వేళ్ళు నలిగి చీలిపోయాయి. ప్రథమ చికిత్స పెట్టె తెచ్చి, రక్తం ఆగేటట్లు గట్టిగా గుడ్డ చుట్టినవారు మేస్త్రీగారే. కాయిలు చుట్టే చేయి కదా, ఒక్క చుట్టు కూడా వదులు కాలేదు. 'చుట్టబడిన గాయం' అని ఆంగ్లంలో రాయవలసివస్తే ఆ ఐదక్షరాలనే రెండుసార్లు పక్కపక్కన రాయాలి. ఆనాడు మా కళ్ళ ఎదుట ఉన్నది అదే.

ఆసుపత్రి వరండాలో ఆయన మాతో అన్న మాటలు ఈనాటికీ గుర్తున్నాయి. "గొలుసు పట్టు వదులుతోందని రెండు నెలలుగా నాకు అనుమానంగానే ఉంది బాబూ. మీటింగులో చెబుదామనుకున్నాను. మళ్ళీ ఏదైనా తప్పు పలుకుతానేమోనని ఊరుకున్నాను. చెప్పవలసింది."

తప్పు తనదన్నట్లే ఆయన మాట్లాడారు. అది ఎవరిదో మాకు తెలుసు. మా మిత్రుని వేళ్ళు మూడు నెలలకు మానాయి, ఒకటి మాత్రం పూర్తిగా వంగదు. ఆనాడు చుట్ల లెక్క అడిగి నవ్వించినది కూడా అతడే కావడం విధి వైపరీత్యం. మేమందరం కలిసి విభాగాధిపతిగారిని కలిశాము. ఆ తరువాతి నెలనుంచి మా విభాగంలో భద్రతా సమావేశం తెలుగులో జరిగింది. రిజిస్టరు ఆంగ్లంలోనే ఉన్నా, చదివేవారు తెలుగులో చెప్పేవారు. మొదటి సమావేశంలో మేము వెళ్ళి బతిమాలితే మేస్త్రీగారు లేచారు. లేచి, ఒకటి కాదు, నాలుగు లోపాలు చెప్పారు.

చాలా కాలం తరువాత ఈ పదం చరిత్ర చదివినప్పుడు మేము మరింత సిగ్గుపడ్డాము. పూర్వకాలపు ఆంగ్లంలో ఈ రెండు పదాలలోనూ 'ఊ' ధ్వనే ఉండేది. పదిహేనవ శతాబ్దం మొదలుకొని రెండు మూడు వందల ఏళ్ళలో ఆంగ్లంలోని దీర్ఘాచ్చులన్నీ స్థానం మారాయి. 'హూస్' అనే మాట 'హౌస్' అయింది, 'మూస్' అనేది 'మౌస్' అయింది. ఆ ప్రవాహంలోనే చుట్టడానికి సంబంధించిన పదం 'వౌండ్' అయింది. గాయానికి సంబంధించినది మాత్రం, ముందున్న వకార ప్రభావం వల్ల కాబోలు, పాత ధ్వనినే నిలుపుకున్నది. అయినా గాయాన్ని 'వౌండ్' అనే ఆంగ్లేయులు కూడా చాలాకాలం ఉండేవారు. 1791లో ఉచ్చారణ నిఘంటువు ప్రచురించిన జాన్ వాకర్, నాగరికులందరూ 'వూండ్' అంటున్నారని ఒప్పుకుంటూనే, అది అనవసరమైన కొత్త పోకడ అని ఆక్షేపించాడు. అంటే, మేము నవ్విన ఉచ్చారణను సమర్థించిన నిఘంటుకర్త లండన్ నగరంలోనే ఉండేవాడన్నమాట!

1998లో మేస్త్రీగారు పదవీ విరమణ చేసినప్పుడు మేము చందాలు వేసుకుని హెచ్.ఎమ్.టి. చేతి గడియారం బహూకరించాము. బ్యాటరీది వద్దన్నారు. "రోజూ కాస్త చుట్టకపోతే నాకు తోచదు బాబూ" అని కీ ఇచ్చే గడియారమే అడిగి తీసుకున్నారు. ఆ గడియారాలు చేసిన హెచ్.ఎమ్.టి. వాచెస్ సంస్థ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఒక సంస్థ వ్యవహారాలు ముగించి లెక్కలు తేల్చడాన్ని ఆంగ్లంలో 'వైండింగ్ అప్' అంటారు. ముగిసిన సంస్థ 'వౌండ్ అప్' అయినట్లు. మనవంటి ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల కుటుంబాలకు ఆ మాటను ఎలా పలికినా మొదటి అర్థమే స్ఫురిస్తుంది.

మాలో కొందరు త్వరలో పదవీ విరమణ చేయబోతున్నారు. ఈనాడు కొత్తగా చేరిన ట్రైనీ ఎవరైనా రిజిస్టరు చదువుతూ గాయాన్ని 'వౌండ్' అంటే మేము అడ్డుతగలము. చెప్పదలచినది పూర్తిగా చెప్పనిస్తాము. గొలుసు సంగతి, తీగ సంగతి, అన్నీ వింటాము. ఆ తరువాతనే బోర్డు మీద ఐదక్షరాలు రాసి, రెండు ఉచ్చారణలూ చెబుతాము.