బాపు తుపాకికి పట్టిన తుప్పు

మేమిద్దరం అన్నదమ్ములం. ఒకరం తండాలో పొలం చేస్తాం. ఒకరం ఇబ్రహీంపట్నంలో కాపురముండి బడిలో పాఠాలు చెబుతాం. కొండపల్లి కొండలు దాటి మైలవరం వైపు పోతే మా తండా. అడవి అంచున మొక్కజొన్న వేస్తాం. కండె పాలు పోసుకునే రోజుల్లో అడవిపందులు దిగాయంటే తెల్లారేసరికి చేను నేలమట్టమే. అందుకే మా ఇంట్లో ఒక తుపాకి ఉంది. మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తుపాకి. దాదా, అంటే మా తాత, లైసెన్సు తీసి కొన్నాడు. ఆయన తర్వాత లైసెన్సు మా బాపు పేరు మీదికి వచ్చింది.

పంట కాపలా కోసం ఇలాంటి తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. పందిని చంపడానికి కాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. గుండు లేకుండా ఉత్త మందు పేలిస్తే ఆ చప్పుడుకు మంద చెదిరిపోతుంది. మాకు కావలసింది అంతే.

దాదాకు తుపాకి కంటే ఆ లైసెన్సు పుస్తకమే ఎక్కువ. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రంలో ఎన్నో తెగల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. ఆ చట్టం 1952లో పోయినా చూపులు వెంటనే మారలేదు. అలాంటి కాలంలో బతికిన మనిషి చేతికి సర్కారే "నువ్వు తుపాకి ఉంచుకోవచ్చు" అని రాసిచ్చింది. ఆ పుస్తకాన్ని ఆయన బియ్యం డబ్బాలో దాచేవాడు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించాలి. 2024 మార్చిలో ఎన్నికల ప్రకటన రాగానే బాపు తుపాకి తీశాడు. ఆ చలికాలం పందులను బెదరగొట్టడానికి నాలుగైదు సార్లు పేల్చి ఉన్నాం. తర్వాత బాపుకు జ్వరం పట్టుకుంది, గొట్టం కడగలేదు. మేమూ అడగలేదు. యాడి ఎంతో ఇష్టంగా మందపాటి గుడ్డతో, అద్దాలు కుట్టి, దానికొక సంచి చేసింది. తుపాకిని అందులో పెట్టి, మూతి బిగించి కట్టి, అప్పగించి రసీదు తెచ్చుకున్నాం.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. వెళ్లి తెచ్చుకోవాలి. ఒకరికి నాట్లు, ఒకరికి బడి తెరిచిన హడావిడి, బాపుకు నడుము నొప్పి. రేపు, మాపు అంటూ వానాకాలం వచ్చేసింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వీధులు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. ఆ రోజుల్లో తుపాకి ఎవరికి గుర్తుంటుంది? చివరికి దసరాకు ముందు బాపును వెంటబెట్టుకుని వెళ్లి తెచ్చుకున్నాం.

ఇంట్లో సంచి విప్పితే గుడ్డ లోపలి వైపంతా ఎర్రటి మరకలు. గొట్టం మీద చెయ్యి పెడితే వేళ్లకు పొడి అంటింది. బాపు మాట్లాడలేదు. యాడి సంచిని తిప్పి తిప్పి చూసి, "నా కుట్టే దాన్ని తినేసిందా?" అంది.

మాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. తుప్పు పాఠం మేము ఏటా చెబుతాం. మూడు గాజు గొట్టాల్లో మూడు మేకులు. ఒకదానిలో మామూలు నీళ్లు. ఒకదానిలో కాచి చల్లార్చిన నీళ్లు, పైన నూనె పొర. మూడోదానిలో తేమ లేని గాలి. మొదటి మేకే తుప్పు పడుతుంది, ఎందుకంటే నీరూ గాలీ రెండూ అందుతున్నది దానికే. పిల్లల చేత ఈ మాట పలికించాం. మా ఇంటి ఇనుముకు మాత్రం వర్తింపజేయలేదు.

జరిగింది ఇదీ. తుపాకి మందులో ఉండేవి సురేకారం, గంధకం, బొగ్గు. అది కాలాక గొట్టంలో మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పైన ఎంత నూనె రాసినా ఆ లవణం నూనెలో కరగదు, నీటితోనే పోవాలి. గుడ్డ సంచి కూడా వానాకాలపు తేమను పీల్చి ఇనుముకు అంటిపెట్టి ఉంచింది. దానికి తోడు మా చేతి చెమటలో ఉప్పు. కాబట్టి యాడితో ఇలా అన్నాం: "నీ కుట్టుది తప్పు కాదు యాడీ. గుడ్డ తన పని తాను చేసింది. విప్పి చూడాల్సినవాళ్లం మేము చూడలేదు."

బాపు పక్కన కూర్చుని చెబుతుంటే శుభ్రం చేశాం. ముందు తుపాకి ఖాళీగా ఉందని రూఢి చేసుకున్నాం. వేడివేడి నీళ్లు గొట్టంలో పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాం. నీళ్లు వేడిగా ఉంటే ఇనుమూ వేడెక్కి తొందరగా ఆరుతుంది. పొడిగుడ్డతో తుడిచి, యాడి కుట్టుమిషన్ నూనె పల్చగా పూశాం. కొబ్బరినూనె, వంటనూనె పనికిరావు, కొన్నాళ్లకు జిగటగా మారతాయి. పైన పట్టిన తుప్పును సన్నటి ఇనుప పీచుకు నూనె తడిపి రుద్దాం. కర్ర భాగానికి దాదా లాగే తేనెమైనం పట్టించాం.

పైన మెరిసింది. కానీ బాపు విజయవాడలో లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపిస్తే, ఆయన గొట్టంలోకి వెలుతురు వేసి చూసి తల అడ్డంగా ఊపాడు. లోపల గుంటలు పడ్డాయి. తుప్పు తుడిస్తే పోతుంది గానీ అది తిన్న ఇనుము తిరిగి రాదు. గుంటలు పడ్డ గొట్టంలో మందు పేలిస్తే గొట్టమే పగలవచ్చు, పట్టుకున్నవాడి చెయ్యి పోవచ్చు. ఇక పేల్చకండి అన్నాడు.

ఆ జనవరిలో పందులు మూడు రాత్రులు దిగాయి. మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టాం, దివిటీలు తిప్పాం. చేనులో ఒక మూల పోయింది. ఆ పోయిన మూలను చూసినప్పుడల్లా మాకు కడగని గొట్టమే గుర్తొస్తుంది.

బాపు ఆ తుపాకిని వదులుకోలేదు. పేలకపోయినా అది తుపాకే, లైసెన్సు లేకుండా ఉంచుకుంటే నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు అయిదేళ్లు. ఆ తేదీని గోడ మీద రాసుకున్నాం. తుపాకిని ఇప్పుడు సంచిలో పెట్టడం లేదు. గాలి ఆడే పొడి చెక్కపెట్టెలో, మూతి కిందికి వచ్చేలా నిలబెట్టి, తాళం వేస్తున్నాం. అలా నిలబెడితే ఎక్కువైన నూనె కర్రలోకి దిగి దాన్ని మెత్తబరచదు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పక్కన పెట్టాం. యాడి సంచిని ఉతికి గోడకు తగిలించాం, అద్దాలు మెరుస్తున్నాయి.

నెలకొక ఆదివారం బాపు పెట్టె తెరుస్తాడు. మేము తుడుస్తాం, పిల్లలు దూరంగా కూర్చుని చూస్తారు. అదే రోజు ఇంకో పెట్టె కూడా తెరుస్తున్నాం. అందులో పొలం పట్టా, పిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు, దాదా లైసెన్సు పుస్తకం ఉన్నాయి. కాగితాలకు తుప్పు పట్టకపోవచ్చు గానీ చెమ్మ, చెదలు పడతాయి. మన తండాల్లో విలువైనదాన్ని గట్టిగా మూటకట్టి అటక మీద పెడితే భద్రమనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. కట్టిన మూటను అప్పుడప్పుడు విప్పి చూస్తేనే అది దాచినట్టని గుంటలు పడ్డ గొట్టం చూశాక తెలిసింది.